సన్‌ను ఒరాకిల్ కొన్నాక: పేరు ఒకరిది, పని ఇంకొకరిది

2011 జనవరి 29న ఒక ఓపెన్ సోర్స్ (కోడ్‌ను ఎవరైనా చూసి, మార్చుకుని వాడుకోగల) ప్రాజెక్టు పేరు మార్చాలా వద్దా అన్న ఓటింగ్ ఫలితం వెలువడింది. మార్చాలన్నవాళ్లు 214 మంది, వద్దన్నవాళ్లు 14 మంది. అప్పటిదాకా హడ్సన్‌గా ఉన్న ఆ సాఫ్ట్‌వేర్ జెంకిన్స్ అయింది. సాఫ్ట్‌వేర్‌ను తయారీ నుంచి నడపడం దాకా చూసే డెవాప్స్ పనిచేసేవాళ్లలో జెంకిన్స్ పేరు విననివాళ్లు దాదాపు ఉండరు. హడ్సన్ పేరు మాత్రం ఆ రోజుల్లో పనిచేసిన సీనియర్లకు తప్ప పెద్దగా ఎవరికీ గుర్తులేదు.

దీన్ని మొదట రాసింది కోసుకే కవాగుచి అనే జపాన్ ఇంజనీర్, సన్ మైక్రోసిస్టమ్స్ అనే అమెరికా కంప్యూటర్ కంపెనీలో పనిచేస్తున్న రోజుల్లో. ఎవరైనా కోడ్ మార్చిన ప్రతిసారీ మొత్తం బిల్డ్ చేసి, టెస్టులు నడిపి, ఎక్కడ దెబ్బతిందో చెప్పడం దాని పని. 2010 జనవరిలో సన్‌ను డేటాబేస్‌లు అమ్మే ఒరాకిల్ సొంతం చేసుకుంది. కొద్ది నెలలకే కవాగుచి బయటికొచ్చేశారు, కానీ ప్రాజెక్టును వదల్లేదు. వదలాల్సిన అవసరం కూడా ఆయనకు కనిపించలేదు. కోడ్ ఓపెన్ సోర్స్, రాసేవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు, యజమాని ఎవరైతే ఏంటి అనే అందరూ అనుకున్నారు.

చిక్కు సర్వర్ల దగ్గర మొదలైంది. హడ్సన్ కోడ్, మెయిలింగ్ లిస్టులు అన్నీ సన్ నడిపిన జావా.నెట్‌లో ఉండేవి. ఆ ఏడాది చివర్లో దాన్ని కొత్త వ్యవస్థకు మార్చే క్రమంలో డెవలపర్లు తమ సొంత ప్రాజెక్టులోనే మార్పులు చేయలేని పరిస్థితి వచ్చింది. విసిగిపోయి కోడ్‌ను గిట్‌హబ్ అనే కోడ్ దాచుకునే వెబ్‌సైట్‌కు తీసుకెళ్తామన్నారు. తీసుకెళ్లండి, కానీ హడ్సన్ అనే పేరు మీద హక్కు మాది అంది ఒరాకిల్. ఆ తర్వాత జరిగిన చర్చలన్నీ పేరు చుట్టూనే తిరిగాయి. కోడ్ గురించి గొడవే లేదు. చివరికి ఓటింగ్ పెట్టి పేరు మార్చుకుని వెళ్లిపోయారు. ఒరాకిల్ హడ్సన్‌ను కొన్నాళ్లు తనే నడిపి, తర్వాత ఎక్లిప్స్ ఫౌండేషన్‌కు అప్పగించింది. అప్పటికే ప్లగిన్లు రాసేవాళ్లు, బగ్స్ చూసేవాళ్లు జెంకిన్స్ వైపు వెళ్లిపోయారు. 2017లో హడ్సన్‌ను అధికారికంగా మూసేశారు.

సాఫ్ట్‌వేర్ కంపెనీ చేతులు మారిందనగానే అందరూ కొత్త యజమాని మంచివాడా కాదా అని ఆలోచిస్తారు. ఆ ఆలోచన వల్ల పెద్దగా తెలిసేది లేదు. కమ్యూనిటీకి ఏం మిగులుతుందన్నది అమ్మకానికి చాలా ముందే, ఎవరూ పెద్దగా పట్టించుకోని రోజుల్లో రాసుకున్న మూడు విషయాల మీద ఆధారపడి ఉంటుంది. పేరు ఎవరి పేరిట రిజిస్టర్ అయింది, కాపీరైట్ ఎవరి చేతిలో ఉంది, ప్రాజెక్టు ఎవరి సర్వర్ల మీద నడుస్తోంది. ఇది పరీక్షించడానికి సన్, ఒరాకిల్ ఒప్పందాన్ని మించిన ఉదాహరణ దొరకడం కష్టం. ఒకే అమ్మకంలో ఐదారు పెద్ద కమ్యూనిటీలు ఒకేసారి చేతులు మారాయి, ఒక్కోటి ఒక్కో దారి పట్టింది.

సన్ గురించి ముందు ఒక మాట చెప్పుకోవాలి. 1982లో మొదలైన ఈ కంపెనీ స్థాపకుల్లో భారతీయుడైన వినోద్ ఖోస్లా ఒకరు. జావా ఇక్కడే పుట్టింది. 1999లో జర్మనీకి చెందిన స్టార్‌డివిజన్‌ను కొని, దాని ఆఫీస్ సాఫ్ట్‌వేర్‌ను మరుసటి ఏడాదే ఓపెన్ఆఫీస్‌గా అందరికీ ఇచ్చేసింది. 2005లో తన ఆపరేటింగ్ సిస్టమ్ సొలారిస్‌ను ఓపెన్ చేయడం మొదలుపెట్టింది. 2006లో జావాను జీపీఎల్ లైసెన్స్ (కోడ్‌ను మార్చి పంచేవాళ్లు దాన్ని మళ్లీ ఓపెన్‌గానే ఇవ్వాలనే షరతు) కిందికి తెస్తున్నట్టు ప్రకటించింది. 2008లో దాదాపు 100 కోట్ల డాలర్లు పెట్టి డేటాబేస్ సాఫ్ట్‌వేర్ మైఎస్‌క్యూఎల్‌ను కొన్నది. ఇంత ఉదారంగా ఇచ్చిన కంపెనీ 2009 ఆర్థిక సంవత్సరంలో 220 కోట్ల డాలర్ల పైగా నష్టం చూపించింది. ఐబీఎంతో బేరం కుదరలేదు. 2009 ఏప్రిల్ 20న ఒరాకిల్ 740 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు ప్రకటించింది. ఒరాకిల్‌ను తిట్టేవాళ్లు ఈ సంగతి కూడా గుర్తుపెట్టుకోవాలి. సన్ అప్పటిలాగే కొనసాగే అవకాశం లేదు. ఆ ప్రాజెక్టుల్లో ఇంజనీర్ల జీతాలు ఎవరో ఒకరు కట్టాలి, కట్టినవాళ్లు లెక్క అడుగుతారు.

అందరికంటే ఎక్కువ టెన్షన్ పడింది మైఎస్‌క్యూఎల్ వాళ్లు. ఒరాకిల్ బతికేదే డేటాబేస్ అమ్మకాల మీద. తన సరుకుకు పోటీగా ఉచితంగా దొరికే డేటాబేస్‌ను తనే కొంటే ఏం చేస్తుంది? మైఎస్‌క్యూఎల్ సృష్టికర్తల్లో ఒకరైన మైకేల్ విడేనియస్, అందరూ మాంటీ అని పిలుస్తారు, ఈ ఒప్పందాన్ని ఆపాలని యూరోపియన్ కమిషన్‌కు రాయండంటూ ప్రచారం నడిపారు. కమిషన్ నెలల తరబడి పరిశీలించింది. 2009 డిసెంబర్ 14న ఒరాకిల్ పది హామీలు ఇచ్చింది. జీపీఎల్ కింద విడుదలలు కొనసాగిస్తామని, పరిశోధనకు సన్ చివరి ఏడాది పెట్టిన 2 కోట్ల 40 లక్షల డాలర్లకు తగ్గకుండా ఖర్చు పెడతామని అందులో ఉంది. గడువు ఐదేళ్లు. 2010 జనవరి 21న అనుమతి వచ్చింది.

ఇక్కడ కాస్త ఆగి చూడాలి. మాంటీ ఆందోళన నిజమైనదే, కానీ మైఎస్‌క్యూఎల్‌ను సన్‌కు అమ్మిన కంపెనీ ఆయన స్థాపించిందే. ఆ అమ్మకంలో స్థాపకులకు డబ్బు వచ్చింది. ఏళ్ల తరబడి బగ్స్ రిపోర్ట్ చేసి, ప్యాచ్‌లు (కోడ్ దిద్దుబాట్లు) పంపి, పుస్తకాలు రాసిన వాడుకదారులకు ఏమీ రాలేదు. స్థాపకుడి గొంతునే కమ్యూనిటీ గొంతుగా తీసుకోవడం చాలామంది చేసే పొరపాటు. ఇంకా ముఖ్యమైనది కాపీరైట్. మైఎస్‌క్యూఎల్ కోడ్‌లో చాలాభాగం మీద కాపీరైట్ కంపెనీ చేతిలోనే ఉండేది. అందుకే అదే కోడ్‌ను ఒకవైపు జీపీఎల్ కింద ఉచితంగా ఇస్తూ, ఇంకోవైపు డబ్బు తీసుకుని కమర్షియల్ లైసెన్స్ అమ్మగలిగింది. ఆ రెండో హక్కు అమ్మకంతో పాటు సన్‌కు, అక్కణ్నుంచి ఒరాకిల్‌కు వెళ్లిపోయింది. మాంటీ 2009లో మొదలుపెట్టిన మరియాడీబీ అనే డేటాబేస్ ఆ కోడ్‌ను తీసుకోగలిగింది గానీ, జీపీఎల్ గీత దాటి అమ్ముకునే వీలు దానికి లేదు.

తర్వాత జరిగింది భయపడినంత ఘోరంగా లేదు. మైఎస్‌క్యూఎల్‌ను ఒరాకిల్ చంపలేదు. 5.5, 5.6, 5.7, 2018లో 8.0, అన్నీ మంచి వెర్షన్లే. ఇంజనీరింగ్ పరంగా సన్ రోజులకంటే మెరుగైందనేవాళ్లూ ఉన్నారు. తగ్గింది పారదర్శకత. కొత్త బగ్ ఫిక్సుల టెస్ట్ కేసులను బయటపెట్టడం 2012లో తగ్గించేసింది. బయటివాళ్లకు కోడ్ కనిపిస్తుంది, అది ఎందుకు మారిందో కనిపించదు. నెమ్మదిగా పెద్ద పెద్ద వాడుకదారులు కదిలారు. 2013లో వికీపీడియా మరియాడీబీకి మారింది. తెలుగు వికీపీడియాలో వ్యాసం తెరిచినప్పుడు కూడా వెనక నడిచేది అదే. లినక్స్ అమ్మే రెడ్ హ్యాట్ కంపెనీ తన ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 7లో మైఎస్‌క్యూఎల్ స్థానంలో మరియాడీబీనే పెట్టింది.

ఓపెన్ఆఫీస్ కథ వేరు. అక్కడ అసంతృప్తి ఒరాకిల్ రాకముందే ఉంది. కోడ్ ఇవ్వాలంటే కాపీరైట్‌లో సన్‌కు వాటా ఇస్తూ సంతకం పెట్టాలి. ప్యాచ్‌లు నెలల తరబడి పెండింగ్‌లో పడి ఉండేవి. స్వతంత్ర ఫౌండేషన్ పెడతామన్న పాత మాట మాటగానే మిగిలింది. అమ్మకం ఆ అసంతృప్తికి ఒక తేదీ ఇచ్చింది, అంతే. 2010 సెప్టెంబర్ 28న కమ్యూనిటీలోని ముఖ్యులు ది డాక్యుమెంట్ ఫౌండేషన్ ప్రకటించారు. పేరు మాకివ్వండి, మీరూ చేరండి అని ఒరాకిల్‌ను కోరారు. ఆ స్పందన వచ్చేదాకా తాత్కాలికంగా లిబ్రేఆఫీస్ అని పెట్టుకున్నారు. స్పందనగా వచ్చింది ఏంటంటే, కొత్త ఫౌండేషన్‌లో ఉన్నవాళ్లు ఓపెన్ఆఫీస్ కౌన్సిల్ నుంచి తప్పుకోవాలన్న మాట. తాత్కాలిక పేరే శాశ్వతమైంది. ఫౌండేషన్‌ను జర్మనీలో రిజిస్టర్ చేయడానికి 50,000 యూరోల మూలధనం కావాల్సి వస్తే వాడుకదారుల విరాళాలతో ఎనిమిది రోజుల్లో సమకూరింది. డబ్బు పెట్టి కొనలేని నమ్మకం ఎక్కడుందో చూపించడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

2011 జూన్‌లో ఒరాకిల్ ఓపెన్ఆఫీస్‌ను అపాచీ ఫౌండేషన్‌కు ఇచ్చేసింది. విడిపోయినవాళ్లకు కాకుండా మూడో సంస్థకు ఇవ్వడం వల్ల ఒక నష్టం మిగిలిపోయింది, అది ఇప్పటికీ సాగుతోంది. అపాచీ ఓపెన్ఆఫీస్ 4.1 వెర్షన్ 2014లో వచ్చింది. అప్పటినుంచి చిన్న చిన్న దిద్దుబాట్లే. అయినా ఆ పేరు జనంలో పాతుకుపోయింది కాబట్టి కొత్తవాళ్లు వెతికి వెతికి దాన్నే డౌన్‌లోడ్ చేసుకుంటున్నారు. కనీసం లిబ్రేఆఫీస్ అనేది ఒకటుందని మీ వాడుకదారులకు చెప్పండి అని 2020లో డాక్యుమెంట్ ఫౌండేషన్ బహిరంగ లేఖ రాయాల్సి వచ్చింది. పని చేసేవాళ్లు వెళ్లిపోయి పదేళ్లైనా పేరు వాళ్ల వెంట రాలేదు.

ఈ గొడవల్లో కోడ్ రాయనివాళ్ల సంగతి ఎవరూ మాట్లాడరు. ఆఫీస్ సాఫ్ట్‌వేర్ మెనూలను, సందేశాలను ఒక్కో వరుసా తమ భాషలోకి మార్చే స్వచ్ఛంద అనువాదకులు, వాడకం నేర్పే టీచర్లు, ప్రశ్నలకు ఓపిగ్గా జవాబిచ్చేవాళ్లు కూడా కమ్యూనిటీయే. తెలుగులో కంప్యూటర్ నడవాలని హైదరాబాద్‌లోని స్వేచ్ఛ లాంటి సంస్థల చుట్టూ చేరిన విద్యార్థులు చేసిన పని ఇలాంటిదే. లైసెన్స్ పుణ్యమా అని ఓపెన్ఆఫీస్ అనువాదాలు కోడ్‌తో పాటే లిబ్రేఆఫీస్‌కు వెళ్లాయి, అందులో తెలుగూ ఉంది. అదే మూసి ఉన్న సాఫ్ట్‌వేర్ అయితే ఆ వరుసలన్నీ కొత్త యజమాని ఆస్తిగా మిగిలిపోయేవి.

ఓపెన్‌సొలారిస్‌కు అంత అదృష్టం దక్కలేదు. 2010 ఆగస్టులో ఒరాకిల్ లోపలి మెమో ఒకటి బయటికొచ్చింది. ఇకపై సోర్స్ కోడ్ ఎప్పటికప్పుడు కాకుండా, ఎంటర్‌ప్రైజ్ సొలారిస్ వెర్షన్ విడుదలయ్యాకే ఇస్తామన్నది దాని సారాంశం. తమతో మాట్లాడే ప్రతినిధిని పంపమని అడిగినా జవాబు రాకపోవడంతో ఆగస్టు 23న ఓపెన్‌సొలారిస్ గవర్నింగ్ బోర్డు తనను తానే రద్దు చేసుకుంది. ఫోర్క్, అంటే అదే కోడ్ తీసుకుని విడిగా నడిపే ప్రాజెక్టు, అప్పటికే మొదలైంది, ఇల్లుమోస్ అనే పేరుతో. కానీ ఇక్కడ కోడ్ రాసినవాళ్లలో ఎక్కువమంది సన్ ఉద్యోగులే. జీతమిచ్చే కంపెనీ ఆగిపోతే బయట నిలబెట్టేవాళ్లు చాలరు. ఇల్లుమోస్ బతికే ఉంది, చిన్నగా. పెద్దగా బతికింది మాత్రం డిస్క్‌లో ఫైళ్లను అమర్చే దాని ఫైల్ సిస్టమ్ జెడ్‌ఎఫ్‌ఎస్. దాని మీద పనిచేసిన ఇంజనీర్లు వేర్వేరు కంపెనీలకు చెదిరిపోయి, 2013లో ఓపెన్‌జెడ్‌ఎఫ్‌ఎస్ పేరుతో మళ్లీ కలిశారు. ఫ్రీబీఎస్‌డీ, ఉబుంటు అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లలో నడుస్తున్నది వాళ్ల పనే. ఒకసారి ఓపెన్ లైసెన్స్ కింద బయటికొచ్చిన కోడ్‌ను వెనక్కి లాక్కోవడం ఎవరి తరమూ కాదు.

మన దగ్గర ఎక్కువమందిని తాకింది జావా. అమీర్‌పేటలో ఒక తరం చదువుకున్నది సన్ పేరు మీదే. ఎస్‌సీజేపీ అంటే సన్ సర్టిఫైడ్ జావా ప్రోగ్రామర్. అమ్మకం తర్వాత ఆ సర్టిఫికెట్ ఒరాకిల్ పేరుకు మారినా కోచింగ్ సెంటర్లలో ఎస్‌సీజేపీ అనే మాట చాలా ఏళ్లు పోలేదు. జావా సృష్టికర్త జేమ్స్ గోస్లింగ్ 2010 ఏప్రిల్‌లోనే ఒరాకిల్ వదిలేశారు. అదే ఆగస్టులో ఆండ్రాయిడ్‌లో జావా ఏపీఐలు (ఒక ప్రోగ్రామ్ ఇంకోదాన్ని వాడుకోవడానికి పిలిచే పేర్లు, పద్ధతులు) వాడారంటూ గూగుల్ మీద ఒరాకిల్ కేసు వేసింది. అది అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లి 2021 ఏప్రిల్‌లో గూగుల్‌కు అనుకూలంగా తేలింది. దాదాపు పదకొండేళ్లు నడిచిన కేసు అది. ఏపీఐ పేర్లు కూడా ఒకరి ఆస్తి అవుతాయా అన్న అనుమానంతో అన్నేళ్లు ప్రోగ్రామర్లు పనిచేశారు.

కోర్టు బయట, రోజువారీ పనిలో తగిలిన దెబ్బ ఇంకొకటుంది. పెద్ద కంపెనీల సర్వర్ సాఫ్ట్‌వేర్‌కు పునాది అయిన జావా ఈఈని ఒరాకిల్ 2017లో ఎక్లిప్స్ ఫౌండేషన్‌కు ఇస్తానంది. కోడ్ ఇచ్చింది, పేరు ఇవ్వలేదు. అందుకే దానికి జకార్తా ఈఈ అని పెట్టుకోవాల్సి వచ్చింది. అంతటితో అయిపోలేదు. ప్రోగ్రామ్‌లో పైన రాసే ఇంపోర్ట్ వరుసలు ‘జావాఎక్స్’ అనే మాటతో మొదలవుతాయి. ఆ మాట కూడా ట్రేడ్‌మార్క్ పరిధిలోకే వస్తుంది కాబట్టి, ఆ ప్యాకేజీల్లో ఇక మార్పులు చేయకూడదని తేలింది. 2020 చివర్లో వచ్చిన జకార్తా ఈఈ 9లో ఆ ప్యాకేజీల పేర్లన్నీ ‘జకార్తా’తో మొదలయ్యేలా మార్చేశారు. కొత్త సదుపాయం ఒక్కటీ లేదు, ప్రధానంగా మారింది పేరే.

ఫైండ్ అండ్ రీప్లేస్ కొడితే సరిపోదా అనిపిస్తుంది. సరిపోదు. జావాఎక్స్‌తో మొదలయ్యే పేర్లన్నీ జావా ఈఈవి కావు. డేటాబేస్ కనెక్షన్లకు వాడే జావాఎక్స్ ఎస్‌క్యూఎల్, ఎన్‌క్రిప్షన్‌కు వాడే జావాఎక్స్ క్రిప్టో మామూలు జావాలో భాగం, అవి పాత పేర్లతోనే ఉండాలి. సర్వ్‌లెట్, పర్సిస్టెన్స్ లాంటి జావా ఈఈ భాగాలు మారాలి. కళ్లు మూసుకుని అన్నీ మార్చేస్తే ప్రాజెక్టు కంపైల్ కాదు. సొంత కోడ్ సరిచేసుకున్నా, ఎప్పుడో ఎవరో రాసిన పాత లైబ్రరీ లోపల పాత పేరే ఉంటుంది, దాన్ని రాసినవాళ్లు ఇప్పుడెక్కడున్నారో తెలియదు. జావా అప్లికేషన్లు కట్టడానికి వాడే స్ప్రింగ్ బూట్‌లో 2022 నవంబర్‌లో వచ్చిన వెర్షన్ 3 కొత్త పేర్లనే అడుగుతుంది. దానికి మారే ప్రతి టీమూ ఈ పని చేయాల్సిందే. హైదరాబాద్, చెన్నై, పుణెల్లో బ్యాంకుల, ఇన్సూరెన్స్ కంపెనీల పాత అప్లికేషన్లు చూసుకునే టీమ్‌లు వారాంతాలు పోగొట్టుకున్నది ఇలాంటి పనుల మీదే. 2009లో కుదిరిన ఒక అమ్మకం బిల్లు పుష్కరం దాటాక వీళ్ల చేతికొచ్చింది.

2023 జనవరిలో ఒరాకిల్ జావా చందాను ఉద్యోగుల లెక్కన మార్చింది. జావా వాడేవాళ్లు పది మందే అయినా, కంపెనీలో ఉన్న మొత్తం ఉద్యోగుల సంఖ్య మీద కట్టాలి. చాలా సంస్థలు టెమురిన్, అమెజాన్ కొరెట్టో లాంటి ఉచిత ఓపెన్‌జేడీకే (జావా ఓపెన్ సోర్స్ రూపం) బిల్డ్‌లకు జరిగిపోయాయి. అలా జరగగలిగారంటే జావాను జీపీఎల్ కిందికి తేవాలని 2006లో సన్ తీసుకున్న నిర్ణయమే కారణం.

ఇదే సూత్రం మిగతాచోట్లా పనిచేస్తుంది. సెంటోస్ స్వచ్ఛందంగా నడిచిన లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్. 2014లో అది రెడ్ హ్యాట్ గూటికి చేరినప్పుడు పేరు కూడా ఆ కంపెనీకే వెళ్లింది. అప్పుడు చాలామంది సంతోషించారు, ఇక డబ్బుకు ఇబ్బంది ఉండదని. 2019లో 3,400 కోట్ల డాలర్లకు రెడ్ హ్యాట్‌ను ఐబీఎం కొన్నది. 2029 దాకా సపోర్ట్ ఉంటుందనుకున్న సెంటోస్ 8ని 2021 చివరికే ఆపేస్తున్నట్టు 2020 డిసెంబర్ 8న రెడ్ హ్యాట్ ప్రకటించింది. 2029 మాట నమ్మి సర్వర్లన్నీ కొత్తగా 8కి మార్చినవాళ్లు ఎక్కువ నష్టపోయారు, 7లోనే ఉండిపోయినవాళ్లకు 2024 జూన్ దాకా గడువు దొరికింది. ముందుగా కదిలినవాళ్లకే దెబ్బ తగలడం ఈ అమ్మకాలన్నిట్లో కనిపించే అన్యాయం. సెంటోస్ స్థానంలో రాకీ లినక్స్, ఆల్మాలినక్స్ వెంటనే పుట్టాయి.

గిట్‌హబ్ దీనికి ఎదురు ఉదాహరణగా చెబుతారు. 2018 జూన్‌లో సత్య నాదెళ్ల నేతృత్వంలోని మైక్రోసాఫ్ట్ 750 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు ప్రకటించగానే చాలామంది కోడ్ సర్దుకుని గిట్‌ల్యాబ్‌కు బయల్దేరారు. 2001లో లినక్స్‌ను క్యాన్సర్ అన్న కంపెనీ ఇది, భయం సహజం. హైదరాబాద్‌లో చదువుకున్న నాదెళ్ల ఆ పాత ధోరణిని మార్చారన్నది నిజమే. 2019 జనవరిలో ప్రైవేట్ రిపాజిటరీలు (బయటివాళ్లకు కనిపించని కోడ్ నిల్వలు) ఉచితమయ్యాయి. అమ్మకం ప్రకటించిన నాటికి 2.8 కోట్లున్న డెవలపర్లు 2023 ఆరంభానికి 10 కోట్లు దాటారు. ఈ మంచితనాన్ని కాదనక్కర్లేదు. కానీ గిట్‌హబ్ సొంత ఎడిటర్ ఆటమ్‌ను, మైక్రోసాఫ్ట్ వీఎస్ కోడ్ ఉండగా ఇదెందుకన్నట్టు 2022 డిసెంబర్‌లో మూసేశారు. బహిరంగంగా పెట్టిన కోడ్‌తో కోడ్ రాసే ఏఐ సాధనం కోపైలట్‌కు శిక్షణ ఇచ్చినప్పుడు, రాసినవాళ్లను అడగలేదు. గిట్‌హబ్‌కు ఆధారమైన, కోడ్ మార్పుల చరిత్ర దాచే గిట్ వల్ల కోడ్ ప్రతి ఒక్కరి కంప్యూటర్‌లో పూర్తి చరిత్రతో ఉంటుంది, రేపే తీసుకుపోవచ్చు. పదేళ్ల ఇష్యూలు, రివ్యూలు, చర్చలు, ఒక కుర్రాడికి ఉద్యోగం తెచ్చిపెట్టే ప్రొఫైల్, ఇవి అంత తేలిగ్గా కదలవు. 2025 ఆగస్టులో గిట్‌హబ్ సీఈఓ తప్పుకుంటున్నట్టు ప్రకటించారు. ఆ స్థానంలో కొత్త సీఈఓ లేకుండా గిట్‌హబ్‌ను మైక్రోసాఫ్ట్ ఏఐ విభాగంలోకి కలిపేశారు. 2018లో స్వతంత్రంగా నడుస్తుందని చెప్పిన సంస్థ ఇది.

ఫోర్క్ చేసుకుంటే సమస్య తీరిపోయినట్టేనా అంటే, మరియాడీబీ సంగతి చూడాలి. దాని చుట్టూ పెరిగిన కంపెనీ 2022 డిసెంబర్‌లో న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో లిస్ట్ అయింది. షేరు పడిపోయింది. 2023లో కొన్ని ఉత్పత్తులను ఆపేసి ఉద్యోగులను తగ్గించింది. 2024 సెప్టెంబర్‌లో కే1 అనే పెట్టుబడి సంస్థ దాన్ని కొనేసింది. ఒక అమ్మకానికి ఎదురు తిరిగి పుట్టింది కూడా చివరికి అమ్ముడైంది. 2012లో విడిగా పెట్టిన మరియాడీబీ ఫౌండేషన్ మాత్రం ఆ అమ్మకంలో లేదు. సర్వర్ కోడ్ జీపీఎల్ కిందే ఉంది, కాబట్టి దాన్ని మూయడం కుదరదు. అయితే ఆ కోడ్‌లో పెద్ద భాగం రాసే ఇంజనీర్లు ఫౌండేషన్ ఉద్యోగులు కారు, కే1 కొన్న కంపెనీ జీతం మీదే ఉన్నారు.